మరచెంబు ఎడమకన్ను

"అది తప్పు" అనేసింది.

అన్నాక నాలిక కరుచుకుంది గానీ ఏం లాభం, గదిలో ఉన్న తలలన్నీ అప్పటికే ఆమెవైపు తిరిగాయి. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు, మొదటి మీటింగు. రంగుల సెక్షన్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మూలన కూర్చుని బుద్ధిగా తలాడించాలి తప్ప ఇలా నోరు జారకూడదు.

తెర ముందు నిలబడి ఆవేశంగా చేతులూపుతున్నవాడు ఉన్నపళాన ఆగిపోయాడు. అతను స్టోరీబోర్డు ఆర్టిస్టు. ఏ షాటు తర్వాత ఏ షాటు రావాలో ముందుగా గీసి చూపించడం అతని పని, కాబట్టి స్టూడియోలో అందరికీ అతను ‘బోర్డు’. పేరుకే బోర్డు, ఒక్కచోట కుదురుగా నిలబడిన పాపాన పోడు.

"ఏది తప్పండీ?" అన్నాడు.

"అదే... మరచెంబు ఎడమకన్ను. కుడికన్ను మూసుకున్నాక కాస్త ఆగి మూసుకుంటుంది కదా. అది కావాలని చేసింది కాదు. పొరపాటు."

"మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అనిపించింది."

"అనిపించిందా! మేడమ్, ఆ కన్ను మీద జనం వ్యాసాలు రాశారు. చేతుల మీద పచ్చబొట్లు పొడిపించుకున్నారు. అది ఎవరి కోసం ఆగి చూసిందా అని ఇప్పటికీ కొట్టుకు చస్తున్నారు. మీరు ఇవాళ పొద్దున వచ్చి, మీకు పొరపాటనిపించిందా?"

గదంతా గొల్లున నవ్వింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కోపం ఒకవైపు, భయం ఒకవైపు. ఎందుకంటే ఆమెకి అనిపించడం కాదు, ఖచ్చితంగా తెలుసు.

‘రెండో చందమామ’ అనే ఆ యానిమే సిరీస్‌ని, ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్న కుర్రకారంతా ఒకప్పుడు స్కూలు బ్యాగు మూలకి విసిరేసి నోరు తెరుచుకుని చూసినవాళ్లే. అంతరిక్షంలో దారితప్పిన ఓడ, అందులో కొంతమంది పిల్లలు, వాళ్లని కాపాడే ఒక రోబో. గుండ్రటి పొట్ట, మర తిప్పి బిగించినట్టుండే తల. అందుకే దానికి మరచెంబు అని పేరు. చివరి ఎపిసోడ్లో తన కరెంటంతా ఓడకి ధారపోసి మరచెంబు ఆగిపోతుంది. ముందు కుడికన్ను మూసుకుంటుంది. ఎడమకన్ను ఒక్క క్షణం అలా చూస్తూ ఉండిపోయి, అప్పుడు మూసుకుంటుంది. చూసినవాళ్లంతా బావురుమన్నారు.

ఆ సిరీస్ తీసింది ఒక మొగుడూ పెళ్లాం. ఆయన బొమ్మలు గీశాడు, ఆవిడ రంగులు వేసింది. తర్వాత కంపెనీకీ వాళ్లకీ చెడింది. పోతూ పోతూ వాళ్లు మరచెంబుని వెంట తీసుకుపోలేకపోయారు, ఎందుకంటే హక్కులు కంపెనీవి. ఇన్నాళ్లకి అదే కంపెనీ, వాళ్లకి మాటైనా చెప్పకుండా, సీక్వెల్ మొదలుపెట్టింది. ‘రెండో చందమామ రెండో భాగం’ అని చెప్పాలంటే నాలుక మడతపడుతుంది, అయినా అదే పేరు.

రంగుల సెక్షన్లో కొత్తగా చేరిన ఈ అమ్మాయి, ఆ మొగుడూ పెళ్లాల ఏకైక కూతురు.

ఈ సంగతి స్టూడియోలో ఎవరికీ తెలియదు. స్టూడియోలో చేరిన సంగతి ఇంట్లో తెలియదు. మధ్యలో ఈ పిల్ల ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరుగుతోంది. చేరడమైతే కసితో చేరింది. ‘మా అమ్మానాన్నల బొమ్మని తెచ్చి ఎవడు పాడుచేస్తున్నాడో చూద్దాం’ అని. చూసి, నాలుగు తిట్టి, మానేసి వచ్చేద్దామనుకుంది. ఇంట్లో మాత్రం టూత్‌పేస్టు యాడ్‌లకి పనిచేస్తున్నానని చెప్పింది.

పాపం వాళ్ల నాన్న ఆ మాట నమ్మాడు. ఆయన ఇప్పుడు సైన్సు పాఠ్యపుస్తకాలకి బొమ్మలు గీస్తున్నాడు. సాయంత్రం కూతురు రాగానే జీర్ణకోశం మీంచి తలెత్తి, "ఇవాళ ఎన్ని పళ్లు తోమావే?" అంటాడు.

"బోలెడు నాన్నా."

"నేను ఇవాళ పెద్దపేగు పూర్తిచేశాను. మన ఇంటిల్లిపాదీ కలిసి ఒక మనిషిని తయారుచేసేట్టున్నాం."

ఆమె నవ్వేది. నవ్వుతూనే లోపల కుంగిపోయేది.

ఇక ఆ కన్ను సంగతి. ఆ ఎపిసోడ్ తీసేటప్పుడు మరచెంబుని చంపకూడదని వాళ్లమ్మ, చంపితీరాలని వాళ్లనాన్న పంతాలకి పోయారు. మాటలు మానుకున్నారు. ఎడమ రెప్ప వాలడం మొదలయ్యే షీట్లు ఆవిడ బల్లమీద పెట్టినప్పుడు ఆయన ఒక్క మాట చెప్పాలి, చెప్పలేదు. వీటికి రంగు వేయాలా అని ఆవిడ ఒక్క మాట అడగాలి, అడగలేదు. కెమెరా అతను రంగు పడని షీట్లు వదిలేసి, చేతికొచ్చిన వాటితోనే షాటు తీసేశాడు. కుడికన్ను మూసుకుంది, ఎడమకన్ను ఒక్క క్షణం తెరుచుకునే ఉండిపోయింది. టీవీలో చూసి ఇద్దరూ కాసేపు నిర్ఘాంతపోయి, తర్వాత కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నారట. ఆనాటి నుంచి ఆ ఇంట్లో అలక అనే మాట లేదు. ఎవరైనా మూతి ముడుచుకు కూర్చుంటే "ఏంటి, ఎడమకన్నా?" అని అడుగుతారు.

అలాంటి కన్ను మీద ఈ బోర్డు ఏకంగా సీక్వెల్ కథంతా కట్టాడు. మరచెంబు పూర్తిగా ఆగిపోలేదట, ఒక కన్నుతో ఎవరికోసమో కాచుకుని ఉందట.

మర్నాడు బోర్డు ఆమె సీటు దగ్గరికొచ్చాడు.

"నిన్న అందరిముందూ అలా అన్నందుకు సారీ అండీ."

"పర్లేదు."

"కానీ మీరన్నది తప్పు."

"సారీ చెప్పడానికొచ్చారా, మళ్లీ గొడవకొచ్చారా?"

"రెండూ ఒకేసారి అయిపోతే ఒక పనైపోతుంది కదా అని" అంటూ ఆమె కంప్యూటరు తెరవైపు చూసి ఆగిపోయాడు. "ఈ నీలం... మేం ఎంత ప్రయత్నించినా రాలేదండీ. పాత మరచెంబు నీలం ఇదే. ఎలా పట్టారు?"

నీలంలో చిటికెడు ఇటుకరంగు కలిపితే వెచ్చగా ఉంటుందని వాళ్లమ్మ చిన్నప్పుడు గిన్నెలో కలిపి చూపించింది. ఆ సంగతి ఎలా చెబుతుంది?

"అనిపించింది" అంది.

"మీకు చాలా అనిపిస్తాయండీ!" అని నవ్వుకుంటూ పోయాడు. నాలుగు తిట్టి పోదామని చేరిన ఆమెకి ఆ నవ్వు చూసి తిట్టబుద్ధి కాలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

ఒక సాయంత్రం పెద్ద వాన. స్టూడియో గుమ్మం ముందు ఇద్దరూ ఒకే రేకు కింద నిలబడిపోయారు. గొడుగు అతని దగ్గర ఉంది గానీ తెరవలేదు.

"గొడుగుందిగా?" అంది ఆమె.

"ఉంది. తెరిస్తే మీరు వెళ్లిపోతారు."

ఆమె వానవైపు తిరిగి నవ్వు దాచుకుంది.

"మా అమ్మానాన్నా ఇద్దరూ డ్యూటీల మనుషులండీ" అన్నాడు కాసేపటికి. "స్కూలు నుంచొచ్చి తాళం తీసుకుని ఒక్కణ్నే టీవీ ముందు కూర్చునేవాణ్ని. ఆరోజు మరచెంబు అలా ఒంటికన్నుతో చూసింది చూడండి, నన్నే చూసిందనుకున్నా. వీడొక్కడూ ఉన్నాడే ఇంట్లో, కాసేపు చూద్దాం అని ఆగిందనుకున్నా. నవ్వకండి."

"నవ్వట్లేదు."

"అందుకే మీరు పొరపాటంటే అంత మండింది."

ఇతనికి నిజం ఏ నోటితో చెప్పాలి? నీకోసం కాదు, మా అమ్మా నాన్నా పోట్లాడుకుని అని?

"ఆ మొగుడూ పెళ్లాలున్నారే, వాళ్లింటికి కూడా వెళ్లాను తెలుసా" అన్నాడు.

"ఎవరింటికి?" ఉలిక్కిపడింది.

"వాళ్లింటికే. కథ చెప్పి, తిడితే తిట్టించుకుందామని. గేటు దగ్గర ఆవిడ మొక్కలకి నీళ్లు పోస్తోంది. ‘ఎవరు కావాలి బాబూ’ అంది. నోరు పెగల్లేదు. ‘పోస్టాఫీసు ఎటండీ’ అని అడిగి వచ్చేశా. పోస్టాఫీసు ఎదురుగానే ఉంది."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆ నీళ్లలో నవ్వు ఎంతో, దిగులు ఎంతో ఆమెకే తెలియదు. "నువ్వు మరీనూ!" అంది, తెలియకుండానే. అతను ఆ ‘నువ్వు’ని పట్టేసుకుని, అప్పుడు గొడుగు తెరిచాడు.

ఆ తర్వాత రోజులు బాగానే గడిచాయి అనడానికి లేదు. అభిమానులు ఇంటర్నెట్లో దుమ్మెత్తి పోస్తున్నారు. కన్నవాళ్లు లేకుండా బారసాల ఏమిటని ఒకడు, దొంగ చందమామ అని ఇంకొకడు. బోర్డు ప్రతి తిట్టూ కూర్చుని చదివేవాడు. తిండి తగ్గిపోయింది. ఆమె ఫోను లాక్కుంటే, "వాళ్లన్నదాంట్లో తప్పేముంది? ఆ ఇద్దరూ లేకుండా తీస్తున్నమాట నిజమే కదా" అనేవాడు.

ఆదివారం సాయంత్రం వచ్చే మొదటి ఎపిసోడ్‌కి కొద్దిరోజుల ముందు బోర్డు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"నీకో మంచి మాట. టైటిల్స్‌లో రంగుల విభాగం అని ఊరికే వేస్తామన్నారు. నేను పోట్లాడి నీ పేరు విడిగా వేయించాను. తెరంతా నీ పేరొక్కటే!"

ఆమె మొహం పాలిపోయింది. ఆదివారం సాయంత్రం ఆ పేరు తెరమీద పడితే చాలు, నాన్నకి అంతా తెలిసిపోతుంది. టూత్‌పేస్టు అని రోజూ తన మొహంలోకి చూసి అబద్ధమాడిన కూతురు సంగతి.

"నా పేరు తీసెయ్యి."

"ఏంటీ?"

"నాకొద్దు. ప్లీజ్, తీయించెయ్యి."

"ఎందుకు?"

ఆమె కంప్యూటరు తెరవైపు తిరిగిపోయింది. అతని మొహంలో వెలుగు ఒక్కసారిగా ఆరిపోయింది.

"అర్థమైంది. ఈ దొంగ చందమామలో పనిచేశానని నలుగురిలో చెప్పుకోడానికి నీకూ నామోషీయే. బయటివాళ్లంటే సరే అనుకున్నా. నువ్వు కూడానా?"

"అది కాదు..."

"మరేంటి?"

చెప్పి ఉంటే ఆనాడే తేలిపోయేది. చెప్పలేదు. అతను వెళ్లిపోయాడు. ఎడమకన్ను రోగం వంశపారంపర్యమని ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది.

ఆ సాయంత్రమే ఇంట్లో కొంప మునిగింది. వాళ్లమ్మ ఫోన్లో సీక్వెల్ ట్రైలర్ చూస్తోంది. చూడనని ఒట్టు పెట్టుకుంది నిజమే, కానీ కన్నబిడ్డలాంటి బొమ్మ, చూడకుండా ఎలా ఉంటుంది? చూస్తూ చూస్తూ ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"ఈ నీలం ఎవరు కలిపారే?" అంది.

కూతురు గుటక మింగింది. ఆ ఒక్క గుటకతో తల్లికి అంతా అర్థమైపోయింది. బల్ల దగ్గర ఊపిరితిత్తులు గీస్తున్న తండ్రి పెన్సిలు ఆగింది. ఆయన ట్రైలర్ చూడలేదు. కూతురి మొహం చూశాడు.

"పళ్లు తోముతున్నావనుకున్నా" అన్నాడు. లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మర్నాడు ఎన్ని పళ్లు తోమావని అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. ఆమెకి ముద్ద దిగలేదు. చివరికి తలుపు తోసి లోపలికి వెళ్లింది.

"తిట్టు నాన్నా. మాట్లాడకుండా మాత్రం ఉండకు."

"అడిగి చేరుంటే వద్దనేవాణ్నా?"

"అనేవాడివి."

ఆయన ఆలోచించాడు. "అనేవాణ్నే" అని ఒప్పుకున్నాడు. "వాళ్లు మరచెంబుని లాక్కున్నారని ఇంత బాధపడలేదే. హక్కులు వాళ్లవి, పట్టుకుపోయారు. నువ్వు నా పక్కన కూర్చుని అన్నం తింటూ దాచావు చూడు... నేనంత కాని మనిషినైపోయానా నీకు?"

ఆమె ఆయన మోకాళ్ల మీద తలపెట్టి ఏడ్చేసింది. ఆయన ఆమె జుట్టు నిమిరాడు. ఆ నిమరడం క్షమించినట్టో, ఊరుకోబెట్టినట్టో ఆమెకి అంతుపట్టలేదు.

తెల్లారి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నేరుగా స్టూడియోకి వచ్చాడు.

లోపలికి అడుగుపెట్టగానే పాతవాళ్లు ఒకరిద్దరు గుర్తుపట్టి గబుక్కున లేచి నిలబడ్డారు. గుసగుస గదంతా పాకింది. బోర్డు చేతిలో కాగితాలు నేలమీద పడ్డాయి. ఏరుకోడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"కథ రాసిందెవరు?" అన్నాడు ఆయన.

"నే... నేనే సార్."

"ఆ కన్ను ఆలస్యంగా ఎందుకు మూసుకుంటుంది?"

అప్పటికే ఆమె పరుగున వచ్చింది. "నాన్నా, వద్దు" అంది. మాట నోట్లోంచి వచ్చేసింది. బోర్డు ఆమెవైపు చూశాడు, ఆయనవైపు చూశాడు. మళ్లీ ఆమెవైపు చూశాడు. ‘అనిపించింది’ అన్న మాటకి అర్థం అతనికి అప్పుడు తెలిసింది. పెదవులు బిగించి, ఆయన వైపే తిరిగి తను నమ్మింది చెప్పాడు. ఎవరో వస్తారని ఆ కన్ను కాచుకుని ఉందని.

"తప్పు" అన్నాడు ఆయన. "మా ఆవిడా నేనూ పోట్లాడుకుని మాటలు మానేశాం. రెప్పకి రంగు వెయ్యమని నేను చెప్పలేదు, వెయ్యాలా అని తను అడగలేదు. అంతే. దాంట్లో ఇంకేం లేదు."

ఆమె కళ్లు మూసుకుంది. వానలో విన్న ఆ తాళంచెవి పిల్లాడు కళ్లముందు మెదిలాడు. అతని మనసు ముక్కలైపోయి ఉంటుందనుకుంది.

"సార్" అన్నాడు బోర్డు. "మాట్లాడుకోనన్నాళ్లూ మీరేం చేశారు?"

"ఏం చేస్తాం? తనే ముందు మాట్లాడుతుందని నేను చూశాను. నేను మాట్లాడతానని తను చూసింది."

"మరి నేనన్నదీ అదే కదా సార్. ఎవరో ఒకరొస్తారని కాచుకునుంది. కాకపోతే ఓడలో కాదు, మీ ఇంట్లో."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"ఆదివారం మా ఇంటికి రా" అన్నాడు. "నీ ఎపిసోడ్ నీ పక్కన కూర్చునే చూస్తాను. బాలేకపోతే మొహమ్మీదే చెబుతా. నా పేరు మాత్రం ఎక్కడా వెయ్యకండి, నేను తీయలేదుగా. ఈ పిల్ల పేరు వెయ్యండి."

ఆయన వెళ్లాక ఆమె బోర్డు దగ్గరికి వెళ్లింది. అతను కాగితాలు సర్దుకుంటూ, "మీరు పనిచేసుకోండి మేడమ్" అన్నాడు. ఆ ‘మీరు’ ఆమెకి చురుక్కుమని తగిలింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆదివారం సాయంత్రం చూస్తే అతను గేటు బయట నిలబడి ఉన్నాడు. బెల్లు కొట్టడం లేదు, వెళ్లిపోవడమూ లేదు. ఆమె దిగి వచ్చింది.

"మళ్లీ పోస్టాఫీసా?"

అతను నవ్వలేదు. "నా సోదంతా పక్కన నిలబడి విన్నారు. లోపల ఎంత నవ్వుకున్నారో!"

"నవ్వుకోలేదు. భయపడ్డాను."

"దేనికి?"

"నేనెవరో తెలిస్తే నన్ను చూడడం మానేసి మా నాన్న కూతుర్ని చూస్తావని. పేరు తియ్యమన్నది నామోషీతో కాదు, నాన్నతో అబద్ధమాడాను కాబట్టి. నీ కథంటే నాకు ఇష్టం. నువ్వంటే కూడా... ఇంక నన్ను మేడమ్ అన్నావంటే గేటు వేసేస్తా."

అతను ఆమెని అలాగే చూశాడు. "‘నువ్వంటే కూడా’ తర్వాత ఏదో ఉండాలి" అన్నాడు.

"ముందు లోపలికి రా."

గుమ్మంలోనే వాళ్లమ్మ గుర్తుపట్టింది. "అయ్యో, నువ్వా బాబూ! పోస్టాఫీసు దొరికిందా?" అంది. బోర్డు చెవులదాకా ఎర్రబడ్డాడు.

ఎపిసోడ్ మొదలైంది. సోఫా అంచున నిప్పులమీద కూర్చున్నట్టు కూర్చున్నాడతను. ఆమె టీవీ చూడలేదు, నాన్న మొహమే చూసింది. నచ్చిందో లేదో ఆ మొహంలో జాడ దొరకలేదు. నచ్చకపోతే మళ్లీ తలుపు వేసుకుంటాడేమో. మరచెంబు ఒక్కటే చీకట్లో, దాని మీద ఆ నీలం. వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆఖర్న కూతురి పేరు తెరమీద పడింది. ఆవిడ దాన్ని పైకే చదివింది, ఎప్పుడూ వినని పేరులా.

టీవీ ఆగింది. ముగ్గురూ ఆయన వైపే చూశారు.

అప్పుడాయన బోర్డు వైపు తిరిగి, "తర్వాత ఏమవుతుంది?" అన్నాడు.

బోర్డుకి ముచ్చెమటలు పట్టాయి. గేటు దగ్గర మాటలు ఈయన విన్నట్టున్నాడనుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"మీరూ ఆంటీ ఒప్పుకుంటే... పెళ్లి చేసుకుంటానండీ."

ఆయన నోరు వెళ్లబెట్టాడు. "నేనడిగింది మరచెంబు సంగతయ్యా!"

వాళ్లమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. బోర్డు భూమి చీలితే బాగుండునన్నట్టు నిలబడ్డాడు. ఆయన మెల్లగా కూతురి వైపు తిరిగాడు. "ఇది కూడా దాచావా?"

"లేదు నాన్నా, ఒట్టు. నాకూ నీతోపాటే తెలిసింది."

ఆయన చాలారోజుల తర్వాత గట్టిగా నవ్వాడు. నవ్వి, నవ్వి, కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "మరి ఏమంటావే?"

ఆమె బోర్డుని చూసింది. అతను ఊపిరి కూడా తీసుకోవడం లేదు.

"సరే అంటాను నాన్నా" అంది.